సాహెబ్ గారి టకటక

హనుమాన్ జంక్షన్,
ఆగస్టు 9

మదార్ సాహెబ్ గారికి,

ఒకప్పుడు నాలుగు టాక్సీలకూ, ఇప్పుడు ఒక ముసలి కారుకూ ఒక కొత్త పిచ్చికీ ఓనరైన వెంకటకృష్ణారావు నమస్కరించి రాస్తున్నది.

కవరు చూసి కంగారు పడకండి. మా ఇంట్లో అందరం, అంటే నేనూ రామతులసీ, బాగానే ఉన్నాం. మొన్న ఫోన్ చేసి నా కారు ఆంప్లిఫయర్ గురించి ఒక ధర్మసందేహం అడిగితే మీరు మీ శ్రీమతి తబస్సుం గారి మోకాలి నొప్పి తగ్గిందని చెప్పి పెట్టేశారు. మళ్ళీ చేశాను. ఈసారి ఆ మోకాలికి ఏ నూనె రాశారో చెప్పారు. మూడోసారి చేసే ధైర్యం లేక కాగితం తీశాను. నూనె పేరు మాత్రం గుర్తుపెట్టుకున్నాను లెండి, పనికొస్తుంది.

విషయమేమిటంటే, నేను ఆంప్లిఫయర్ విప్పాను.

అవును, మీరు మీ చేతులతో డిక్కీలో బిగించిన ఆంప్లిఫయరే. ఇన్నేళ్ళూ పెట్టిన పాట పెట్టినట్టు పాడుతూ వచ్చింది. తప్పు దానిది కాదు, నా తీరికది. ఈ మధ్య ఫోన్లో వీడియోలు చూడటం మరిగాను. అందులో ఒకాయన ఆంప్లిఫయర్ మూత తీసి, పాత కెపాసిటర్లు పీకి, కొత్తవి పెట్టి టంకం వేసి, ఇప్పుడు పాడేవాళ్ళు మీ ఒళ్ళో కూర్చుని పాడినట్టుంటుంది అన్నాడు. ఈ వయసులో ఎవరైనా ఒళ్ళో కూర్చుంటే నాకు నడుం పట్టేస్తుంది. అయినా ఆశపడ్డాను.

చదివింది ఎనిమిదో తరగతి. ఇంజను పని చూసి నేర్చుకున్నాను, ఇంగ్లీషు లారీల వెనక చదివి నేర్చుకున్నాను. కెపాసిటర్ ఏపాటిది అనుకున్నాను. మొదటిది తిరగేసి వేశాను. స్విచ్ వెయ్యగానే దీపావళి. ఎదురింటి మాణిక్యమ్మగారు మా టైరు పేలిందనుకుని పరామర్శకు వచ్చారు. రామతులసి మాత్రం వంటింట్లోంచి కదలకుండా, బతికే ఉన్నారా అని అడిగింది. ఉన్నానన్నాను. అయితే పెరుగు తెండి అంది.

రెండోసారి సరిగ్గానే వేశాను. పాట వచ్చింది. పాటతో పాటు అడగని చుట్టం ఒకటి వచ్చింది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ స్పీకర్లలోంచి కూత. నెమ్మదిగా పోతే దోమ, జోరుగా పోతే రైలు. గుడివాడ దాకా వెళ్ళొచ్చాను, ఏం పాటలు విన్నానో చెప్పలేను కానీ ఆ కూత నాకు కంఠతా వచ్చింది. దాన్ని వదిలించుకుందామని ఇంకా లావు కెపాసిటర్లు వేశాను. లోపలున్న చిన్న ఐసీలు, అదే ఆ నల్లటి చిప్పులు, తీసి, వీడియో ఆయన మెచ్చుకున్న కొత్త ఐసీలు వేశాను. పాట మారింది, కూత మారలేదు.

ఇక్కడ మీకు ఒక సంగతి గుర్తుచెయ్యాలి. మా మొదటి టాక్సీకి మీరు స్టీరియో బిగించిన రోజు. పనంతా అయ్యాక తలుపులు వేసుకుని, ముందు సీట్లో కూర్చుని, కళ్ళు మూసుకుని ఒక పాట మొత్తం విన్నారు. తర్వాత డాష్‌బోర్డు మీద వేలి కణుపుతో రెండుసార్లు కొట్టారు. టక్, టక్. అప్పుడు గాని తాళం చేతికివ్వలేదు. అది మీ అలవాటని నాకు తెలుసు. మా డ్రైవరుకు తెలియక, అదేదో మంత్రమనుకుని, ఏడాదిపాటు బండి తీసేముందు డాష్‌బోర్డు మీద రెండు దెబ్బలు కొట్టి దణ్ణం పెట్టుకునేవాడు. ఆ ఏడాది ఒక్క యాక్సిడెంటూ కాలేదన్నది వేరే సంగతి.

అందుకని మీరు ఒకసారి జంక్షన్ రావాలి. కార్లో కూర్చోవాలి. టకటక కొట్టాలి. అది అయ్యేదాకా నాకు కారు మీద నమ్మకం కుదరదు. కారుకు నా మీద ఎలాగూ లేదు.

ఇట్లు,
వెంకటకృష్ణారావు


విజయవాడ,
ఆగస్టు 20

రావుగారికి సలాములు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది. రెండోసారి ఆ ఆంప్లిఫయర్ మీద జాలేసింది. మూడోసారి రోగం దొరికింది.

కూత లోపలిది కాదు. విప్పి మళ్ళీ బిగించేటప్పుడు ఎర్త్ వైరు పెయింటు మీదే బిగించి ఉంటారు. ఇనుము మెరిసేదాకా పెయింటు గీకి బిగించండి. ఇంకోటి. బ్యాటరీ నుంచి వచ్చే లావు వైరునూ, పాట తెచ్చే సన్న వైరునూ కలిపి ఒకే పక్కన కట్టి ఉంటారు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని. ఒకదాన్ని కుడి తలుపుల కింద నుంచీ, ఒకదాన్ని ఎడమ తలుపుల కింద నుంచీ లాగండి. అవి వేరుకాపురం పెట్టాల్సినవి. గోరుచుట్టుకు మీరు గుండె ఆపరేషన్ చేశారు.

నేను రాను.

ఏదో సాకు రాద్దామనుకున్నాను. తబస్సుం మోకాలు రాద్దామంటే దాన్ని మీ దగ్గర ఇప్పటికే రెండుసార్లు వాడేశాను. అందుకని ఉన్నమాటే రాస్తున్నాను.

నాకు చెవి పోయింది రావుగారూ. పూర్తిగా కాదు. లావు శబ్దాలు ఉన్నాయి. లారీ హారన్, డోలు, ఎదురుగా ఉంటే మీ గొంతు. సన్నవి పోయాయి. తాళం కొసన ఉండే గల్లు, వయొలిన్ తీగ మీద కమాను ఆనే చప్పుడు, మాటల్లో స, ష. డాక్టరమ్మ కాగితం మీద గీత గీసి చూపించింది. బల్లపరుపుగా వచ్చిన గీత ఒక్కసారిగా కొండ దిగినట్టు దిగిపోయింది. చిన్నప్పటినుంచీ స్పీకర్లకు చెవి ఆనించి కూర్చున్నవాడికి ఇంతకంటే ఏం మిగులుతుంది అంది. మిషన్ పెట్టుకోమంది. పెట్టుకుంటే అందరికీ తెలుస్తుంది.

తెలియకూడదు. సనోబర్‌కు అసలు తెలియకూడదు. మీరు భుజాన వేసుకు తిప్పిన మా అమ్మాయి. ఇప్పుడు ఆటోనగర్‌లో నా కారు స్టీరియోల షాపు దానిదే. హైదరాబాదులో ఆఫీసు ఉద్యోగం వదిలేసి వచ్చి టంకం పట్టుకుంది. మొదట్లో కార్లవాళ్ళు లోపలికి తొంగిచూసి, సాహెబ్ గారు లేరా, మళ్ళీ వస్తాం అని వెళ్ళిపోయేవాళ్ళు. వెళుతూ వెళుతూ, ఆడపిల్లకెందుకండీ ఈ పని అని పక్క షాపులో అనేవాళ్ళు. నేను రోజూ షాపుకు వెళ్ళడం మొదలుపెట్టాక ఆగారు. పనంతా అమ్మాయిదే. చివర్న నేను కార్లో కూర్చుని టకటక కొడతాను. వాళ్ళు నమ్మేది దాన్నే. నా చెవి పోయిందని బయటపడ్డ రోజు మా అమ్మాయి షాపు పోతుంది.

వినపడకుండా ఎలా కొడుతున్నావంటారా. ముందు సీట్లో పైన అద్దం ఉంటుంది. అందులోంచి వెనక సీట్లో ఉన్న సనోబర్ ముఖం చూస్తాను. పని కుదిరితే దాని కనుబొమ్మలు కిందికి దిగుతాయి. దిగితే టక్, టక్. చాలాకాలంగా అదే నా చెవి.

ఇది మీ కడుపులో ఉండాలి. మీ కడుపు సంగతి తెలిసీ రాస్తున్నానంటే నా పరిస్థితి అర్థం చేసుకోండి.

మదార్ సాహెబ్


హనుమాన్ జంక్షన్,
సెప్టెంబరు 2

సాహెబ్ గారికి,

ముందుగా, కూత పోయింది. పెయింటు గీకుతుంటే మాణిక్యమ్మగారు మళ్ళీ వచ్చి, తుప్పా అని అడిగారు. విద్య అన్నాను.

మీ సంగతి చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. నేను అలా కూర్చోవడం అరుదు కాబట్టి రామతులసి వచ్చి నుదురు పట్టుకు చూసింది. దాంతో ఆవిడకు చెప్పక తప్పలేదు. భార్యకు చెబితే బయటికి చెప్పినట్టు కాదని పెద్దలన్నారు. ఏ పెద్దలో గుర్తులేదు. ఆవిడ విని, పాపం అంది. తర్వాత, ఆ సనోబర్‌కు చెప్పెయ్యొచ్చుగా అంది. ఆడవాళ్ళకు ఇలాంటివి తేలిగ్గా కనిపిస్తాయి.

నా నోట్లో నువ్వుగింజ నానదని ప్రతీతి. కాదనను. ఒకసారి మా టాక్సీ మగపెళ్ళివారిని ఎక్కించుకుని కైకలూరుకు పెళ్ళిచూపులకు బయల్దేరుతుంటే, పెళ్ళికొడుకుది విగ్గని మా డ్రైవరు నా చెవిలో వేశాడు. నేను చెప్పింది ఒక్క రావమ్మకే, అదీ ఆవిడ టీకొట్టులో టీ తాగుతూ. కారు కైకలూరు చేరేసరికి పెళ్ళికూతురి అమ్మమ్మ, బాబూ ఇలా కూర్చో, నీ తల నిమురుతాను అంటోందట. కానీ మీ సంగతి వేరు. ఈసారి నా పెదవి మీద సోల్డరింగ్ అయిపోయిందనుకోండి.

ఇప్పుడు అసలు మాట. మీకు కావలసింది చెవి. నాకు రెండున్నాయి, ఖాళీగా ఉన్నాయి. ఇంజను చప్పుడు విని ఏ సిలిండరు అలిగిందో చెప్పినవాణ్ణి. ఇప్పుడు నా కారు వచ్చి వినండి, ఆ కొత్త ఐసీలతో పాట అద్దం తుడిచినట్టుంది. ట్రెబుల్ ఇంకాస్త పెంచాను, నీళ్ళలా ఉంది. రామతులసి మాత్రం చెవుల్లో సూదులు గుచ్చుతున్నట్టుందని, మొన్న తన అక్కగారింటికి నేను కారు తీస్తానంటే వద్దని బస్సులో వెళ్ళింది. ఆవిడకు పాటంటే మాటలుంటే చాలు. శబ్దం సంగతి తెలియదు.

కష్టమైన కారు ఏదైనా వస్తే కబురు చెయ్యండి. మీ వెనక సీట్లో కూర్చుంటాను. భుజం మీద వేలు వేస్తాను. మీరు కొట్టండి. లోకానికి సాహెబ్ గారి టకటకే వినిపిస్తుంది.

మీ రెండు చెవులు,
వెంకటకృష్ణారావు


విజయవాడ,
సెప్టెంబరు 18

రావుగారికి,

వద్దనే రాద్దామనుకున్నాను. ఈలోగా జాన్ పాల్ వచ్చాడు.

గుణదల చర్చిలో పాటల బృందానికి పాటలు నేర్పుతాడు. ఉద్యోగం మందుల కంపెనీలో, ఊళ్ళు తిరగడం. బృందం పాడినవి రికార్డు చేసుకుని, బందరు పోతూ వస్తూ కార్లో వింటాడు. ఎవరి గొంతు ఎక్కడ తప్పిందో కార్లోనే పట్టుకోవాలట. వెనక వరసలో పాడే ఆడవాళ్ళ గొంతులు విడివిడిగా వినపడటం లేదని ఆంప్లిఫయర్ తెచ్చాడు. ఫిబ్రవరిలో మేరీమాత ఉత్సవం. ఇతనికి నచ్చితే గుణదల కార్లన్నీ మా షాపుకు వస్తాయి. నచ్చకపోతే ఎందుకు రాకూడదో గుణదలంతా తెలుస్తుంది.

సనోబర్ కెపాసిటర్లు మార్చింది, ఐసీలు మార్చింది. మొన్న కార్లో కూర్చున్నాం. పాట అయ్యేదాకా అద్దంలో చూశాను. కనుబొమ్మలు దిగలేదు, లేవలేదు. అది అద్దంలో నా ముఖమే చూస్తోంది. నేను దాని ముఖం, అది నా ముఖం. రేపు చూద్దాం అని దిగిపోయాను.

వచ్చే శనివారం మళ్ళీ వస్తాడు. మీరు రండి. భుజం మీద ఒక వేలు వేస్తే బాగాలేదని, రెండు వేళ్ళు వేస్తే బాగుందని. పాట నడుస్తుండగా కైకలూరు కథ చెప్పకండి.

మదార్ సాహెబ్


హనుమాన్ జంక్షన్,
సెప్టెంబరు 29

సాహెబ్ గారికి,

మీరు నమాజు నుంచి తిరిగొచ్చేసరికి నేను లేను. సనోబర్ మీకు ఏం చెప్పిందో తెలియదు. రామతులసికి ఒంట్లో బాగాలేదని కబురొచ్చి వెళ్ళానని చెప్పమన్నాను. ఆవిడ శుభ్రంగా ఉంది. పారిపోయాను.

మీరు దిగాక కార్లో అన్న మాటలు మీకు అందలేదు. కాబట్టి రాయాల్సిన పాపం నాదే.

పాట అయింది. నాకు అమోఘంగా అనిపించింది. మీ భుజం మీద రెండు వేళ్ళు వేశాను, మామూలుగా కాదు, గర్వంగా వేశాను. మీరు టకటక కొట్టారు. కొట్టి, నవ్వుతూ దిగి, మసీదుకు వెళ్ళారు. మీ తలుపు పడగానే జాన్ పాల్, మర్యాదస్తుడు, చాలా నెమ్మదిగా అన్నాడు.

"ఏమనుకోకండి మేడమ్, స అన్న ప్రతిచోటా పాము బుసకొడుతోందండి. సాహెబ్ గారు కొట్టారు కాబట్టి నా చెవిదే తప్పేమో."

నేను ఊరుకోవచ్చు. ఊరుకుంటే నేనెందుకవుతాను. బాబూ, అది బుస కాదు, దాన్ని క్లారిటీ అంటారు, అలవాటు లేని చెవికి అలాగే ఉంటుంది అని మొదలుపెట్టి, ఆంప్లిఫయర్ల పుట్టుపూర్వోత్తరాలు, నా కారు, నా ఐసీలు, వీడియో ఆయన అభిప్రాయాలు, అన్నీ చెప్పాను. మధ్యలో సనోబర్ ఫోన్ తీసి ఏదో నొక్కి, స్పీకర్లకు కలిపింది.

"బాబాయ్, ఇది వినిపిస్తోందా?"

ముందు పెట్టమ్మా, వింటాను అన్నాను.

"పెట్టి చాలాసేపైంది బాబాయ్."

తిరిగి చూద్దును కదా, జాన్ పాల్ రెండు చెవులూ అరచేతులతో మూసుకుని, కళ్ళు మూసుకుని ఉన్నాడు. అప్పటిదాకా ప్రార్థన చేసుకుంటున్నాడనుకున్నాను. నేను క్లారిటీ గురించి ఉపన్యసిస్తున్నంతసేపూ ఆ కార్లో ఈల మోగుతూనే ఉందట. గుడ్డివాడికి గుడ్డివాడు దారి చూపించాడంటారే, అందులో రెండో గుడ్డివాడికైనా తను గుడ్డివాడినని తెలిసి ఉంటుంది. నాకు అదీ తెలియదు.

జాన్ పాల్ దిగి ఫోన్ మాట్లాడుకుంటూ అటు వెళ్ళాక, సనోబర్ నా వైపు తిరిగి అడిగింది.

"అబ్బాకి కూడా ఇంతేనా?"

సాహెబ్ గారూ, మీ మీద ఒట్టు, నేను చెప్పలేదు. నోరు తెరవలేదు. అవునూ అనలేదు, కాదూ అనలేదు, వాతావరణం గురించి కూడా అనలేదు. కిటికీలోంచి ఎదురుగా ఉన్న టైర్ల షాపు చూస్తూ కూర్చున్నాను. నువ్వుగింజ నానింది. నానడమే కొంప ముంచింది. అమ్మాయి నన్ను పుట్టినప్పటినుంచీ ఎరుగును. నేను ప్రశ్నకు జవాబు చెప్పకుండా ఉండటం అదే మొదటిసారి చూసింది. ఇక వేరే సాక్ష్యం ఎందుకు. "సరే బాబాయ్" అని దిగిపోయింది.

ఇంటికొచ్చి రామతులసికి చెప్పాను, నాకూ సన్న శబ్దాలు పోయాయట అని. ఆవిడ చాట కింద పెట్టి, "అయితే ఇన్నేళ్ళూ నేను చెప్పినవి మీకు వినపడలేదా, మీరు వినలేదా" అంది. రెండింట్లో ఏది చెబితే క్షేమమో ఆలోచించి, వినపడలేదన్నాను.

నవ్వుతూ రాస్తున్నాను కానీ, మీ అమ్మాయి షాపు మీద నేను వేసిన ఆ రెండు వేళ్ళు తలుచుకుంటే అన్నం సయించడం లేదు. తిట్టాలనుకుంటే ఉత్తరంలోనే తిట్టండి. ఫోన్లో అయితే ఇద్దరికీ దండగ.

వెంకటకృష్ణారావు


విజయవాడ,
అక్టోబరు 16

రావుగారికి,

తిట్లు రాశాను, ఒక పేజీ. చించేశాను. మీరు చెప్పకపోవడం వల్ల తెలిసిపోయిందని మిమ్మల్ని తిడితే, చెప్పి ఉంటే ఏం చెయ్యాలో నాకే తోచలేదు.

మీ ఉత్తరం వచ్చేదాకా నాకు ఏమీ తెలియదు. సనోబర్ ఇంట్లో ఒక్క మాట అనలేదు. ఒకటే మారింది. వెనక నుంచి పిలవడం మానేసింది. ఎదురుగా వచ్చి, నేను చూశాక, అప్పుడు మాట్లాడుతోంది. అమ్మాయికి నామీద ప్రేమ పెరిగిందనుకుని మురిసిపోయాను. మీ ఉత్తరం చదివాక అది ఏ ప్రేమో తెలిసింది.

షాపుకు వెళ్ళాను. జాన్ పాల్ ఆంప్లిఫయర్ బల్ల మీద మూత తీసి ఉంది. ఏమిటి అన్నాను. ఎదురుగా వచ్చి నిలబడి చెప్పింది.

"మొదటిరోజే నాకు గుచ్చుకుంది అబ్బా. నువ్వు రేపు చూద్దామన్నావు, సందేహంలో పడ్డాను. తర్వాత నువ్వు కొట్టావు. నువ్వు కొట్టాక నా చెవిని నేనెలా నమ్మను?"

దానికి నేను ఎదురుగా ఉన్న టైర్ల షాపు చూశాను. మీ దగ్గర నేర్చుకున్నాననుకోండి. ఇంతకాలం నా టకటక దాన్ని కాపాడుతోందనుకున్నాను. అది దాని చెవి మీద కూర్చుంది.

పని చెబుతాను, మీకూ పనికొస్తుంది. ఆ కొత్త ఐసీకి పరుగు ఎక్కువ. పాత ఐసీ ఉన్నచోట ఊరికే పెడితే తనలో తానే వణుకుతుంది. ఆ వణుకు మనకు వినపడదు, పాటలో పదునుగా బయటపడుతుంది. దాని కరెంటు కాళ్ళకు ఆనుకుని చిన్న కెపాసిటర్ ఒకటి వెయ్యాలి. అది నాకు తెలుసు. వేశాక పదును పోయిందో లేదో నాకు తెలియదు. నేను చెప్పాను, అది వేసింది, అది వింది, ఇంకా ఉందంది. ఇంకోచోట వేశాం. మళ్ళీ వింది. ఈసారి నేను అద్దంలో చూడలేదు. అడిగాను. పోయింది అబ్బా అంది.

జాన్ పాల్ వచ్చేసరికి బందరు నుంచి ఇంకో పెద్దమనిషి కారు దింపుతున్నాడు. రొయ్యల వ్యాపారం, పెద్ద కారు. జాన్ పాల్ పాట విని, బాగుందండీ అని నావైపు చూశాడు, డాష్‌బోర్డు మీద కొడతానని. నేను కారు ఎక్కలేదు. నాకు చెవి పోయిందండీ, చాలా రోజులైంది, ఇన్నాళ్ళూ మా అమ్మాయి ముఖం చూసి కొట్టాను, పోయినసారి అది కూడా చూడకుండా కొట్టాను అని ఇద్దరికీ వినపడేట్టు చెప్పాను. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో నాకు తెలియదు. టైర్ల షాపువాళ్ళు బయటికొచ్చారు.

బందరాయన తాళం జేబులో వేసుకున్నాడు. అయ్యో, మళ్ళీ వస్తాను సాహెబ్ గారూ అన్నాడు. ఆ మాట ఎలా ఉంటుందో నాకు తెలుసు. వెళ్ళిపోయాడు.

జాన్ పాల్ కాస్త ఆలోచించి, "అయితే ఇన్నాళ్ళూ అందరూ వచ్చింది మేడమ్ చెవికేగా" అన్నాడు. సనోబర్‌ను మీరు కొట్టండి మేడమ్ అన్నాడు. అది కొట్టనంది. కారు ఎవరిదో వాళ్ళకు నచ్చాలి, నచ్చితే వాళ్ళే కొట్టుకోవాలి అంది. అతను సంగీతం మనిషి కదా, రెండు దెబ్బలతో ఆగలేదు. ఒక చరణం మొత్తం వాయించాడు.

మదార్ సాహెబ్


హనుమాన్ జంక్షన్,
నవంబరు 11

సాహెబ్ గారికి,

మీరు చెప్పిన చిన్న కెపాసిటర్లు వేద్దామని మూత తీశాను. రామతులసి వచ్చి స్క్రూడ్రైవరు అడిగింది. ఇచ్చాను. దాన్ని పట్టుకెళ్ళి బియ్యం డబ్బాలో వేసి, కారు తియ్యండి, విజయవాడ పోదాం అంది. పోయాం. మీరు ఆ రోజు డాక్టరమ్మ దగ్గరకు వెళ్ళారట.

సనోబర్ మూత తీసి నా టంకాలు చూసింది. ఏమీ అనలేదు. జాన్ పాల్ కంటే మర్యాదస్తురాలు. వెనక టేబుల్ మీద పని చేసుకుంటూ, ఇవి ఎవరు వేశారు బాబాయ్ అని మాత్రం అడిగింది. వీడియో ఆయన అన్నాను. పనయ్యాక, కొట్టాల్సింది నేను కాదని నిర్ణయమైంది. నా ఓటు తీసుకోలేదు. రామతులసి ముందు సీట్లో కూర్చుని విని, ఇంకా కాస్త అంది. సనోబర్ తగ్గించింది. మళ్ళీ విని, ఇంకా కాస్త అంది. బంగారం కొట్లో కూర్చున్నట్టు కూర్చుంది. శబ్దం సంగతి తెలియదన్న మాట నేను వెనక్కి తీసుకుంటున్నానని మీ ద్వారా ఆవిడకు తెలియజేయండి. నేను చెబితే మిగతావన్నీ కూడా తీసుకోమంటుంది.

నాకు మాత్రం ముందున్న పాటకూ తర్వాతి పాటకూ ఆవగింజంత తేడా తెలియలేదు. బావుందన్నాను. ఇద్దరూ కలిసి నవ్వారు.

మీరు మిషన్ పెట్టుకున్నారని సనోబర్ చెప్పింది. నేనూ డాక్టరుకు చూపించుకుంటే, నాకూ ఒకటి పెట్టుకోమన్నారు. ఆలోచిస్తే అదీ ఒక ఆంప్లిఫయరే కదా. లోపల కెపాసిటర్ మారిస్తే ఎలా ఉంటుందంటారు?

షాపు ఎలా ఉంది? అడగడానికి భయపడి చివర్న అడుగుతున్నాను.

వెంకటకృష్ణారావు


విజయవాడ,
డిసెంబరు 4

రావుగారికి,

మిషన్ నేనూ విప్పుదామనుకున్నాను. అంత చిన్న స్క్రూలకు సరిపడే స్క్రూడ్రైవరు సనోబర్ దగ్గరే ఉంది. ఇవ్వనంది. మన ఇద్దరి స్క్రూడ్రైవర్లూ ఆడవాళ్ళ చేతికి వెళ్ళాయి, దేశానికి మంచిదే. మిషన్‌లో మాటలు బాగానే వినిపిస్తున్నాయి. పాట మాత్రం రేకుడబ్బాలో పోసినట్టుంది. పాట చెప్పే పని నాది కాదిక.

షాపు అడిగారు. దాచను. పోయినవాళ్ళు పోయారు. నా పాత గిరాకీల్లో సగం మంది నన్ను పలకరించి, కారు మాత్రం ముందుకు పోనిస్తున్నారు. రెండు వారాలు షట్టరెత్తి ఖాళీగా కూర్చున్నాం. ఒకరోజు నేను ఉండబట్టలేక, మళ్ళీ కొట్టమంటే కొడతానే అన్నాను. సనోబర్ తలెత్తకుండా వద్దంది. తర్వాత తలెత్తి, నేను చూశాక, మళ్ళీ వద్దంది. గుణదల నుంచి ముగ్గురొచ్చారు, జాన్ పాల్ మాట మీద. ముగ్గురూ కొట్టుకునే వెళ్ళారు.

నిన్న బందరాయన వచ్చాడు. అదే పెద్ద కారు. ఎవరో ఎక్కడో ఆంప్లిఫయర్‌లో ఏవో మార్చారట, రొయ్యల లారీ వెనక పోతున్నట్టుందట. సనోబర్ మధ్యాహ్నం దాకా పనిచేసింది. ఆయన కార్లో కూర్చుని ఒక పాట విని, ఏమాటకామాట, బాగుందమ్మా, ఇచ్చెయ్ అని డాష్‌బోర్డు మీద కొట్టబోయాడు.

"ఆగండి, ఇంకా కాలేదు" అంది సనోబర్.

ఆయనకు నచ్చింది. తాళం ఆయన చేతిలో ఉంది. వెళ్ళిపోవచ్చు. నా జీవితంలో నచ్చిందన్న గిరాకీని నేను ఎప్పుడూ ఆపలేదు. ఆపి ఉండకూడదే అనుకున్నాను, అనేశానేమో కూడా. సనోబర్ చెయ్యి చాచింది. ఆయన నా వైపు చూశాడు. నాకేం వినపడుతుంది, నేను సనోబర్ వైపు చూశాను. అది ఎవరి వైపూ చూడలేదు, కారు వైపు చూస్తోంది.

ఆయన తాళం ఇచ్చేశాడు. వచ్చి బల్ల మీద నా పక్కన కూర్చున్నాడు. ఎంతసేపు పడుతుందండీ అన్నాడు. తెలియదండీ అన్నాను. మా అమ్మాయి ఏమంటుందోనని ఇద్దరం అలాగే కూర్చున్నాం.

మదార్ సాహెబ్